కాలూ వద్దు, కత్తీ వద్దు

2022. కర్నూలులో సొంతంగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకుని అప్పటికి కొన్నేళ్ళయింది. రెండు గదులు, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, నా నోటికి భయపడి మానేసేవాళ్ళు పోగా మిగిలిన పేషెంట్లు. పత్తికొండ మార్కెట్టుకు టమోటా ముంచుకొచ్చే రోజులవి. ఆ కాలంలో నా దగ్గరికి వచ్చే నడుముల్లో చాలావరకు క్రేట్లు మోసిన నడుములే.

ఎస్తేరమ్మ కుర్చీలో కూర్చోలేక గోడకు చెయ్యి ఆనించి, ఎడమకాలు కొంచెం ఎత్తిపట్టి నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. టమోటాలు ఏరి, క్రేట్లకెత్తి, లారీ దాకా మోయడం ఆమె పని. పక్కన భర్త దానియేలు, చేతిలో ఎమ్మారై ఫిల్ము ఉన్న పెద్ద కవరు. వెనకాల అత్త సుందరమ్మవ్వ.

"డిస్కు జారిందంట మేడమ్. సోమవారం అడ్మిట్ కమ్మన్యారు. ఆపరేషను చేయకుంటే కాలు పడిపోతాదంటాండారు" అన్నాడు దానియేలు.

అవ్వ అతన్ని పక్కకు నెట్టి ముందుకొచ్చింది. "ఆపరేషను గీపరేషను ఏమీ వద్దు తల్లీ. నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టినావంట గదా. మూడు తన్నులు తన్ను, పోతాం."

తెలియనివాళ్ళకు చెప్పాలి. మాది నందికొట్కూరు పక్క పల్లె. తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్ళు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. నేను అలాగే పుట్టాను. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేసరికి మా అరుగు మీద ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. తన్నినందుకు బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. ఫిజియోథెరపీ చదివాక ఎవరినీ తన్నలేదు. "చదువుకోని, కాలికొచ్చిన విద్య పోగొట్టుకున్యావు" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

"నేను తన్నను అవ్వా" అన్నాను.

"ఊరకే కాలు తాకిచ్చు మా. నీ సొమ్మేం పోతాది?"

"నీ కోడలి కాలు పోతాది."

ఎస్తేరమ్మను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమకాలు మెల్లగా పైకెత్తాను. దీన్ని ఎస్సెల్లార్ టెస్ట్ అంటాం. నడుములో నరం నొక్కుకుని ఉంటే కాలు కొంచెం లేవగానే తొడ వెనకనుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతుంది. ఆమెకు లాగింది. పళ్ళు బిగించింది గానీ అరవలేదు. మడమల మీద నడవమన్నాను, మునివేళ్ళ మీద నిలబడమన్నాను. నొప్పితోనే చేసింది, కానీ కాల్లో బలం ఉంది. ఒంటికి సరిగ్గా పోతున్నావా, కూర్చునే చోట మొద్దుబారిందా అని కూడా అడిగాను. దానియేలు గోడవైపు తిరిగాడు. ఇవన్నీ మొగుడి ముందరనా అన్నట్టు చూసి, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పింది.

డిస్కు అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త. బక్షాన్ని, అదే బొబ్బట్టును, గట్టిగా నొక్కితే పూర్ణం పక్కనుంచి బయటికొస్తుంది చూశారా, అలాగే బరువు తప్పుగా ఎత్తినప్పుడు లోపలి మెత్తన పదార్థం బయటికొచ్చి నరాన్ని ఒత్తుతుంది. ఎక్కువమందికి అది కొన్ని వారాల్లో తనంతట తానే కుంచించుకుపోతుంది. ఫిల్ము చూసి హడలిపోయి ఆపరేషన్ బల్ల ఎక్కడం నాకు గిట్టదు. ఆపరేషన్ చేసేది మనిషికి గానీ ఫిల్ముకు కాదు.

"కాలూ వద్దు, కత్తీ వద్దు. ఆరు వారాలు నాకివ్వండి" అన్నాను.

"అంటే ఆ డాక్టరు అబద్ధం చెప్పినాడా మేడమ్?"

"కాలు పడిపోయే గుర్తులు ఇప్పుడు లేవన్నా. ఉంటే నేనే పంపేదాన్ని. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకో పెద్ద డాక్టరుకు చూపించు."

చూపించాడు కూడా. ఆయనా ఆగమన్నాడు. అప్పుడు ఎస్తేరమ్మకు మూడు గుర్తులు నేర్పించాను. పాదం పట్టు తప్పి వేలాడినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, ఒంటికి రాకపోయినా ఆ రోజే ఆపరేషన్, ఇక మాటల్లేవు. అత్తామొగుళ్ళ ముందరే ఆమెతో పాఠంలాగా పైకి చెప్పించాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నవ్వనీ అక్కా. నడుము నీది, గుర్తుపెట్టుకోవాల్సింది నువ్వు" అన్నాను.

కర్నూలులోనే బంధువుల ఇంట్లో ఉండమన్నాను. వైద్యం చెబితే ఎవరికీ ఆనలేదు. బోర్లా పడుకోవడం, మోచేతుల మీద లేవడం, కొన్నాళ్ళకు అరచేతులు ఆనించి ఛాతీ పైకెత్తడం, మధ్యమధ్య కాసేపు నడవడం. సూదీ మందూ లేకుండా ఇదేం వైద్యమని ఇంటిల్లిపాదికీ అనుమానం.

"బోర్లా పడుకుంటే నొప్పి పోతాదంటే మా ఈది కుక్క ఎప్పుడో డాక్టరయ్యేది" అంది అవ్వ, నాకు వినబడేట్టుగానే.

ఎస్తేరమ్మ మాత్రం పట్టిన పట్టు విడవలేదు. ఆదివారం చర్చిలో అందరూ కుర్చీల్లో కూర్చుంటే ఆమె వెనకాల గోడ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకునేదట. ఎవరైనా జాలిపడితే "నాకు కూచోవొద్దని చెప్పినారు, నిలబడొద్దని చెప్పలేదు" అనేదట. నొప్పి పిక్కను వదిలి తొడకు, తొడను వదిలి పిరుదుకు ఎక్కింది. దీన్ని సెంట్రలైజేషన్ అంటాం. నొప్పి కాలిని ఖాళీ చేసి నడుము వైపు పోవడం మంచి గుర్తు. నాలుగో వారంలో ఆమె నా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నవాళ్ళందరినీ పిలిచి ఆ కుర్చీని చూపించాలనిపించింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే, ఒక ఉదయం, ఆటో దిగి కాళ్ళు ఎడంగా వేసుకుంటూ ఎస్తేరమ్మ లోపలికొచ్చింది. ఆ నడక చూడగానే లేచి ఎదురెళ్ళాను. అవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

జరిగింది దానియేలు చెప్పాడు. ముందురోజు ఎస్తేరమ్మ చాప మీద బోర్లా పడుకుని వ్యాయామం చేస్తుంటే, అవ్వ ఎదురుకాళ్ళతో పుట్టిన ఒకతన్ని పిలిపించింది. ఎలాగూ బోర్లానే ఉంది కదా అనుకుంది. అతను మంచి లావుపాటి మనిషి. మూడు తన్నులతో ఆగకుండా, పట్టు బాగా వదలాలని నడుము మీదికెక్కి నిలబడ్డాడు.

"బాగవుతాండాది గదా, ఇంగ రోంత తొందరగా అవుతాదనుకున్యా" అంది అవ్వ నేల చూస్తూ.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది మేడమ్" అన్నాడు దానియేలు.

ఆ తొక్కుడువల్లే ఇలా అయిందో, డిస్కు తనంతట తానే ఇంకా జారేదో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి టైము లేక ఊరుకున్నాను.

"ఒంటికి పోయినావా అక్కా?"

"నిన్న సాయంత్రం నుంచి రాలేదు మేడమ్. పొట్ట ఉబ్బుకోనుండాది. కూచునే కాడ తాకితే నా ఒళ్ళు కానట్ల ఉండాది."

లోపలికి తీసుకెళ్ళి దూదితో తాకి చూశాను. తొడల లోపలివైపు తాకింది ఆమెకు తెలియలేదు. వెన్నుపాము చివర నరాలన్నీ గుర్రపు తోకలాగా విడిపోయి ఉంటాయి. వాటిని కాడా ఎక్వైనా అంటారు. జారిన డిస్కు ఆ కట్టనంతా నొక్కేస్తే మూత్రం, మలం మీద అదుపు పోతుంది. గంటల్లో నొక్కుడు తీసేయకపోతే ఆ అదుపు మళ్ళీ రాకపోవచ్చు. ఎస్తేరమ్మ బతుకంతా ఒంటికి గొట్టంతో గడపాలా, మామూలు మనిషిలా పోవాలా అన్నది ఆ రోజే తేలాలి.

బయటికొచ్చి "ఇప్పుడే ఆపరేషన్ చేయించాలి" అన్నాను.

దానియేలు నన్ను వింతగా చూశాడు. "నువ్వే గదా మేడమ్ వద్దన్యావు. డాక్టరు చేస్తానంటే అడ్డం పడితివి. ఇప్పుడేమో చేయించమంటాండావు. మేం ఎవరి మాట వినల్ల?"

"ఆ రోజు వద్దన్నది నేనే. ఈ రోజు కావాలంటున్నదీ నేనే. ఆ రోజు గుర్తులు లేవు, ఈ రోజు ఉన్నాయి."

"వద్దు నాయనా" అని ఏడ్చింది అవ్వ. "మన రాయచోటోళ్ళ పిల్లోడు నడుముకు ఆపరేషను చేయించుకోని మంచానబడ్డాడు. మళ్ళా బోర్లా పడుకోబెడదాం. ఇంగెప్పుడూ ఎవుర్నీ పిలవను. మేడమ్ చెప్పినట్ల ఆరు వారాలు చూద్దాం." నా మాటలే నా మీదికి తెచ్చింది ముసలామె. నేను నోరు తెరిచేలోపు లోపలినుంచి ఎస్తేరమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి నిలబడింది.

"మూడు గుర్తులు నాతోనే చెప్పిచ్చింది మేడమ్. మీరు నవ్వుకున్యారు. రెండు వచ్చినాయి. మూడోదాని కోసం కాచుకోని కూచోల్నా? మీకు భయమైతే ఇంటికి పోండి. నువ్వు ఆటో పిలుస్తావా, నన్నే రోడ్డు మీదికి పొమ్మంటావా?"

దానియేలు ఆటో కోసం పరిగెత్తాడు. నేను క్లినిక్‌కు తాళం వేసి వాళ్ళతోపాటే ఆసుపత్రికి వెళ్ళాను. దారంతా అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని స్తోత్రం చెప్పుకుంటూనే ఉంది. ఎస్తేరమ్మ ఆ చెయ్యి విదిలించుకోలేదు. సర్జను చూసి మారుమాట లేకుండా మళ్ళీ ఎమ్మారై తీయించి, చీకటి పడేలోపు డిస్కెక్టమీ చేశాడు. అంటే బయటికొచ్చి నరాలను నొక్కుతున్న ముక్కను తీసేయడం.

ఆపరేషన్ బాగా జరిగింది. కానీ మాకు కావాల్సింది ఆ కబురు కాదు. మూత్రం కోసం పెట్టిన గొట్టం తీస్తే ఆమె సొంతంగా ఒంటికి పోగలదా అన్నది సర్జనూ చెప్పలేకపోయాడు. మొదటిసారి తీశారు, రాలేదు. మళ్ళీ పెట్టారు. ఆ రోజుల్లో నేను ఏ పేషెంటుకు ఏ వ్యాయామం చెప్పానో నాకే తెలియదు.

చివరికి ఒక మధ్యాహ్నం అవ్వ ఫోన్ చేసింది. "పోయింది మా. కోడలు ఒంటికి పోయింది. గొట్టం లేకుండానే పోయింది" అంది. ఫోను అవతల ఒక ముసలామె, ఇవతల నేను, ఇంత మాటకు ఇద్దరం ఏడ్చాం.

ఎస్తేరమ్మ ఎడమపాదంలో కొంచెం బలహీనత మిగిలిపోయింది. క్రేట్లు మోయడం మానేసింది. ఎత్తుబల్ల వేయించుకుని నిలబడి టమోటాలు ఏరుతుంది.

నడుముకు ఆపరేషన్ మంచిదా, చెడ్డదా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఎవరికి, ఏ రోజున, ఏ గుర్తులున్నప్పుడు అని అడగండి, చెబుతాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని ఆ ఉదయం కూర్చుని ఉంటే ఎస్తేరమ్మ బతుకు పాడయ్యేది. మాట మీద నిలబడ్డానని నన్ను మాత్రం మెచ్చుకునేవాళ్ళు.

ఆమె బంధువుల్లో కొందరు నన్ను మాట మార్చే మేడమ్ అంటారట. అనుకోనీ. నాకేం నామోషీ లేదు. రేపు ఇంకొకరి నడుము అదే చెబితే మళ్ళీ మారుస్తాను.