ఆరేదాకా

ఆ ఇరవై రెండు ఇళ్లలో అందరూ నడక కన్నా ముందు పడవ ఎక్కడం నేర్చినవాళ్లే. ఆ పడవల చిల్లులు పూడ్చేది గుగ్గిలం వదిన. అరవై దాటిన మనిషి. గుగ్గిలం నూనెలో కాచి, పీచుకు పట్టించి చెక్కల సందుల్లో కూరుతుంది. తర్వాత పడవ ముందు పీట వేసుకుని కూర్చుంటుంది, ఎవరూ తొందరపడి నీళ్లలోకి తోయకుండా.

వాళ్ల భాషలో ఊరి పేరుకు అర్థం ‘ఆరేదాకా’. మంచి చోటు వెతుక్కుంటూ నది వెంట దిగువకు పోతున్న పూర్వీకుల పడవకు ఇక్కడ చిల్లు పడింది. అతుకు వేసింది వదిన ముత్తవ్వ. ఎంతసేపు ఆగాలని అడిగితే, ఆరేదాకా అంది. ఇప్పటికి నాలుగు తరాలైంది. ఇంకా ఎవరూ కదల్లేదు.

కథలో ఇంతవరకు పేచీ లేదు. అతుకు నిలవక పడవ మళ్లీ మునిగిందనీ, విత్తనాలు తడిసి మొలకెత్తితే ఇక్కడే నాటుకోవాల్సి వచ్చిందనీ పడవ నడిపే మరిది చెబుతాడు. ఆరకముందే అతని ముత్తాత పడవను తోసేశాడని వదిన అంటుంది. ఆ ఇంటికే కోడలిగా వచ్చి నలభై ఏళ్లుగా ఈ ఎత్తిపొడుపు పడుతోంది.

సర్కారు కాగితాల్లో ఇన్నాళ్లూ ఏడో నంబరు రేవుగా ఉన్న ఊరికి ఆఫీసువాళ్లు ఇప్పుడు సొంత పేరుతో బోర్డు పెడుతున్నారు. పేరు కింద దాని కథ, ఒక్క వాక్యంలో. పెయింటర్ రాగానే మరిది ‘అతుకు నిలవక’ అంటూ మొదలుపెట్టాడు. ఒకసారి బోర్డుకెక్కితే ముత్తవ్వ పనితనం మీద ఆ మచ్చ ఇక పోదని వదినకు తెలుసు.

“ఆ మాట రాయించావంటే, రేపటి నుంచి నీ పడవలో నీళ్లు నువ్వే తోడుకో,” అంది.

“తోడుకుంటాలే వదినా. మీ ముత్తవ్వ పుణ్యమా అని మాకు అలవాటేగా.”

మీలో మీరు తేల్చుకోండంటూ పెయింటర్ పేరు మాత్రం రాసి, కింద జాగా వదిలి, సాయంత్రం దాకా ముట్టుకోవద్దని చెప్పి అన్నానికి వెళ్లాడు.

వదిన రేవులో పని చేసుకుంటూనే ఓ కన్ను అటు వేసి ఉంచింది. మరిది బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు. ఊదాడు. మూడోసారి బొటనవేలు ఆనించాడు.

వేలు నీలంగా వచ్చింది. చివరి అక్షరం మీద ముద్ర గీతలతో సహా పడింది. వదిన రేవులో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించింది, అంతే. ముందుగా నవ్వింది మరిది పెళ్లామే.

పెయింటర్ తిరిగొచ్చి, కింద ఏం రాయమంటారని అడిగాడు. మరిది వేలు చొక్కాకు తుడుచుకున్నాడు.

“ఆరకముందే తోసేశారని రాయండి.”

పెయింటర్ ముద్ర చెరపబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది. అది అలాగే ఉండనిమ్మంది. వెళ్లి పీట తెచ్చుకుని బోర్డు ముందు కూర్చుంది.