మా బావి నీళ్లు అమలాపురం వెళ్లిన రోజు

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాస్తే బయటపడేది నా తెలివితక్కువతనమే. కానీ డిగ్రీ పిల్లలు తమ పరిశోధనలు వినిపించే సదస్సులకు తోడు వెళ్లే పెద్దవాళ్లకు పనికొస్తుందేమోనని కూర్చున్నాను. మా వీధి మాస్టారి అమ్మాయి కరుణ అమలాపురంలో బీఎస్సీ చివరి ఏడు చదువుతోంది. చేపల చెరువులు పెరిగాక మా ఊరి బావుల్లోకి ఉప్పెంత చేరిందో తేల్చుదామని ఇరవై ఇళ్లకు తలా ఒక సీసా ఇచ్చి, బావి నీళ్లు నింపి ఉంచమంది. సదస్సుకు ముందురోజు సాయంత్రం మా గేటు దగ్గర ఆగి, "తాతగారూ, ఊరందరి నీళ్లూ బాగానే ఉన్నాయండీ. మీ బావివైతే మరీ తియ్యగా ఉన్నాయి!" అని చెప్పి వెళ్లింది.

తియ్యగా ఎలా ఉంటాయి? మా బావి నీళ్ల ఎసట్లో పప్పు పడేస్తే, పెళ్లికొచ్చినవాళ్లు తిరిగెళ్లే వేళకు ఉడుకుతుంది. నేను సీసా నింపింది ఫిల్టరు నీళ్ల టిన్నులోంచి. చదువుకునే పిల్ల గుమ్మంలోకొచ్చి నీళ్లడిగితే ఉప్పునీళ్లు పొయ్యడానికి చెయ్యి రాలేదు మరి. ఐదో తరగతితో బడికి నమస్కారం పెట్టి, ఆ తర్వాత పకోడీ పొట్లాల కాగితాలన్నీ చదివి ఇంతవాణ్ణయ్యాను. మర్యాద ఎక్కడ చెయ్యకూడదో ఏ పొట్లంలోనూ రాసి లేదు.

రాత్రంతా మనసు పీకింది. ఆ పిల్ల ఆర్నెల్ల కష్టం అటుంచి, ఆ అంకెలు బయటికెళ్తే మా బావులు బ్రహ్మాండంగా ఉన్నాయని రుజువైపోతుంది. తెల్లారి బావిలోంచి సీసాడు నీళ్లు తోడి, ఎనిమిదింటికి రాజోలులో బస్సెక్కాను. టికెట్టు యాభై లోపే, ప్రయాణం గంట పైన. తాటిపాక దాటాక కండక్టరు నా ఒళ్లో సీసా చూశాడు.

"తీర్థమాండీ?"

"సాక్ష్యమయ్యా."

"ఆయ్, కోర్టుకాండీ?"

"కాలేజీకి."

అమలాపురంలో దిగి పెసరట్టు వాసనకైనా ఆగకుండా షేర్ ఆటో ఎక్కాను. నా చరిత్రలో ఇది మొదటిసారి. కరుణ వంతు మధ్యాహ్నమని విని, ఎనిమిదింటి బస్సు చాలనుకున్నాను. తీరా వెళ్తే, ముందున్నవాళ్లు ఇద్దరు రాలేదని ఆమెను పదింటికే జరిపేశారు. ఇంకా పావుగంటే ఉంది.

"కరుణా, నేను పోసినవి టిన్ను నీళ్లమ్మా. ఇవిగో, బావివి."

సీసా కేసి చూసింది. "ఇలా పోసింది మీరొక్కరేనాండీ?" అని మా పక్కింటి సుబ్బలక్ష్మికి ఫోను చేసింది. ఆ గొంతు నాకూ వినబడింది. "మరి నీకు ఉప్పునీళ్లు పోస్తామేంటే! మీ అమ్మేమనుకుంటాది?" రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఫోను చెయ్యలేదు.

"జాబితాలోంచి నీ పేరు తీయించేద్దామా?" అన్నాను.

"వద్దండీ. తప్పుతో సహా చెప్తాను."

వేదికెక్కి మొదటి పట్టిక చూపించి, "ఈ అంకెలు నమ్మకండి" అంది. హాల్లో నవ్వులు. ఎందుకు నమ్మకూడదో చెప్పింది. ఉప్పు కొలిచే కలంలాంటి మీటరు ముందు అక్కడి తాగునీటి గ్లాసులో, తర్వాత నా సీసాలో ముంచింది. మా బావి అంకె గ్లాసు అంకెకు పదిరెట్లు దాటింది. నవ్వులు ఆగాయి.

"ఇప్పుడేం చేస్తావమ్మా?" అడిగారు పరీక్షించే మేడమ్‌గారు.

"ఇరవై బావులూ నేనే తోడతానండీ."

బహుమతి వేరే కాలేజీ పిల్లలకు వెళ్లింది. భోజనంలో పప్పు మాత్రం మెత్తగా ఉడికింది.

తిరుగు బస్సులో అదే ఆలోచించాను. మా ఊళ్లో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ నిజమూ చెప్పలేదు. దాన్ని మేం మర్యాద అంటాం. ఆ పిల్ల మమ్మల్ని తప్పు పట్టకుండానే మా మర్యాదను పక్కన పెట్టేసింది. ఇలాంటి సదస్సుకు వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: వంతు ఎప్పుడున్నా సరే, తొమ్మిదిలోపే చేరి బోర్డు మీద వరుస చూసుకోండి.

ఆదివారం పొద్దున్న కరుణ సంచీడు ఖాళీ సీసాలతో వచ్చింది. మా ఆవిడ చేద అందుకోబోయింది. కరుణ వద్దని, తనే తోడుకుని, సీసా మీద మా పేరు రాసుకుని పక్కింటికి వెళ్లింది.