కళ్లు మూసుకోలేని టీచరమ్మతో ఆళ్లగడ్డకు

ఉపాధ్యాయుల ఒత్తిడి తగ్గించడానికి ఆళ్లగడ్డలో ఒకరోజు ధ్యాన శిక్షణ పెడితే, ఎప్పుడో రిటైరైన నేను దానికి వెళ్లడానికి కారణం నా కూతురు వసుధ. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో నా ఒత్తిడి ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు పట్టినా నాకు అక్కర్లేదు. వసుధ ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె బడిలో మూడో తరగతికి చెబుతుంది. పోయిన నెల ఒకరోజు ఆమె మధ్యాహ్న భోజనం ఫోటోలు ఫోన్లో సర్కారు యాప్‌కు ఎక్కిస్తుండగా వెనక వరసలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. పిల్లలు అరిచేదాకా ఈమె తల ఎత్తలేదు. ఆ పిల్లకేమీ కాలేదు, మర్నాడే బడికి వచ్చింది. రాలేకపోయింది మా అమ్మాయే. తరగతి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గుండె దడ, చేతులు చల్లబడిపోవడం. కళ్లు మూస్తే ఎవరో పడిపోతారన్న భయంతో రాత్రిళ్లు నిద్ర లేదు. సెలవు అయిపోవచ్చింది. ఈ శిక్షణ తర్వాత కూడా గుమ్మం దాటలేకపోతే రాజీనామా ఇచ్చేస్తానంది. పిల్లలు తప్ప వేరే లోకం తెలియని మనిషి, అది కూడా పోతే ఏమైపోతుందోనని నాకు భయం.

ఒంటరిగా బస్సెక్కలేనంటే తోడు బయలుదేరాను. నంద్యాల బస్టాండులో పొద్దున ఏడున్నర ప్రాంతంలో కడప వైపు వెళ్లే బస్సు ఏదెక్కినా ఆళ్లగడ్డలో దిగవచ్చు. ప్రయాణం గంట పైమాట. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు డబ్బులు అక్కర్లేదు, నాబోటివాడికి అరవై రూపాయల లోపే. సీటు దొరకాలంటే మాత్రం బస్సు ఆగకముందే పరుగెత్తాలి. వసుధ కిటికీ బయటికి చూడలేదు. బస్సులో మనుషులనే ఒక్కొక్కరిగా చూస్తూ కూర్చుంది. సిరివెళ్ల దాటాక ముందు సీట్లో ఒక ముసలామె తల వాలిపోతుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నాయనా, ఆమె పడిపోతాది సూడు."

"నిద్రపోతాంది లేమ్మా."

"నిద్రేనా? లేపు. ఒక్కసారి లేపు నాయనా."

ముసలామె భుజం తట్టాను. ఆమె ఉలిక్కిపడి లేచి, "ఏందప్పా, మనిషి ఇంత కునుకు తీస్తే నీకేం నొప్పి?" అని బస్సంతా వినేలా తిట్టింది. వసుధ మాత్రం ఊపిరి వదిలింది. నలభై ఏళ్లు దాటిన కూతురి కోసం నిద్రపోయేవాళ్లను లేపుతూ ఎన్నాళ్లు తిరగగలనని ఆ తిట్లు వింటూ అనుకున్నాను.

ఆళ్లగడ్డలో దిగి షేర్ ఆటో ఎక్కాం, మనిషికి ఇరవై. రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే ఉలుల చప్పుడు. ఆటో అతను యాడికి పోవాలని అడిగితే, టీచర్లకు ధ్యానం నేర్పించే హైస్కూలుకని చెప్పాను.

"టీచర్లకే నేర్పిస్తాండారా సార్? మా పిల్లోళ్లు ఇంట్లో నిమిషం కుదురుగుండరు. ముందు వాళ్లకు నేర్పమను."

"నీ పిల్లోళ్లట్లాంటోళ్లను నలభై మందిని ఒక గదిలో పెట్టుకో, నీకూ నేర్పిస్తారు," అన్నాను. అతను నవ్వాడు. వసుధ నవ్వలేదు.

శిక్షణ నడిపించే పెద్దమనిషి ఒకప్పుడు నాతో పనిచేసినవాడు. పేరు రాయను, చదివితే తెలుసుకుంటాడు. ఎనిమిదో తరగతి అల్లరి భరించలేక తన పీరియడ్లు నాకు అంటగట్టి స్టాఫ్ రూములో కునుకు తీసేవాడు. ఇప్పుడు ప్రశాంతత మీద మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు. పద్ధతిలో తప్పు లేదు. వీపు నిటారుగా పెట్టి, ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడం గమనించడం, మనసు ఎటో పోతే కోప్పడకుండా వెనక్కి తెచ్చుకోవడం. ఈ విషయం మీద పెద్ద పెద్ద గ్రంథాలు చదివాను, అవన్నీ చెప్పేది ఇంతే. టీచర్ల నెత్తిన ఇన్ని యాప్‌లు పెట్టిందెవరో, వాటి మధ్య ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు. పైగా ఆ ధ్యానానికీ ఫోటో కావాలట.

"మేడమ్, మీరు కండ్లు మూసుకోలేదు. ఫోటోలో తెలిసిపోతాది. పైకి పంపియ్యాల," అన్నాడు వసుధతో.

వసుధ మూసుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. వెనక ఎవరిదో కుర్చీ కిర్రుమంది. అంతే, లేచి వరండాలోకి పరుగెత్తి, గోడకు జారగిలబడింది. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది. పెదాలు తెల్లబడ్డాయి. గుండె ఆగిపోతుందేమోనని నాడి పట్టుకుని చూశాను.

మైకు పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి, "సార్, మేడమ్‌ను రమ్మనండి, ఇంకో ఫోటో తీసుకుంటాం," అన్నాడు.

"నువ్వు నిద్రపోతాంటే నీ క్లాసు నేను సూసినా. ఇప్పుడు నా కూతురు జోలికి రాకు, పో," అన్నాను.

అతని వెనక నుంచి షాహీన్ వచ్చింది. వసుధ బడిలోనే పక్క గదిలో చెబుతుంది. వాళ్ల గదుల మధ్య తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందట. ఒకరు ఆఫీసుకు పోవాలన్నా, ఫోన్ పని చూసుకోవాలన్నా "ఒక కన్నేసి ఉండు" అంటే రెండోవాళ్లు ఆ తలుపులో నిలబడి రెండు తరగతులూ చూస్తారు. పిల్ల పడిన రోజు షాహీన్ సెలవులో ఉంది.

ఆమె వసుధ ఎదురుగా, హాలు కనబడేటట్టు నేల మీద కూర్చుంది. "వసుధా, నా క్లాసు మీద నువ్వెన్ని తూర్లు కన్నేసినావు? ఇప్పుడు నేనేస్తా. అందురూ నా కండ్ల ముందరే ఉండారు. నువ్వు మూసుకో."

"ఎవురన్నా పడితే?"

"పడకముందే చెప్తా."

"ఒట్టా?"

"ఒట్టే. తొందరగా మూసుకో, కాళ్లు తిమ్మిరెక్కుతాండాయి."

వసుధ కళ్లు మూసుకుంది. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనబడుతోంది. కాసేపటికి కళ్లు తెరవకుండానే అడిగింది, "ఎవురైనా పడినారా?"

"లేదు. మీ నాయనే నిలబడలేక ఊగుతాండాడు."

పెదవి చివర చిన్న కదలిక. తర్వాత ఊపిరి నిదానించింది. నెల రోజుల్లో మొదటిసారి అంతసేపు ఆ కళ్లు మూతబడి ఉండడం చూశాను.

మర్నాడు మళ్లీ అదే బస్సు, అక్కడి నుంచి ఆమె బడి ఉన్న పల్లెకు ఆటో. వసుధ గుమ్మం దగ్గర చాలాసేపు ఆగింది. మధ్య తలుపులో షాహీన్ కనబడ్డాక లోపలికి అడుగు పెట్టింది. నేను గేటు బయట నిలబడ్డాను. లోపల నుంచి చప్పుడు రాకపోతే భయం, వస్తే భయం. చివరికి పిల్లలు గొంతెత్తి ఎక్కం చదవడం వినిపించింది.

భయం పోయిందని రాయలేను. రోజూ ఆమె ఒక్కతే బస్సెక్కగానే అది నా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఒకటి మాత్రం తెలిసింది. మనిషి కళ్లు మూసుకోవాలంటే కళ్లు తెరుచుకుని కాపలా ఉండే మనిషి ఇంకొకరు కావాలి. నేను చదివిన పుస్తకాల్లో ఈ మాట నాకు కనబడలేదు. ఇలాంటి శిక్షణకు వెళ్లే టీచర్లూ, మీ పక్క గదిలో చెప్పేవాళ్లను తోడు తీసుకుపోయి ఇద్దరూ వంతులవారీగా కళ్లు మూసుకోండి. తండ్రిని మాత్రం తీసుకుపోకండి. మా వంతు వచ్చినా మేము కళ్లు మూసుకోలేం.