చంకలో పాప, వెనక చెల్లెలు

టైలరు షాపులో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. బట్ట కత్తిరించేది మాస్టారు, మిషను మీద కుట్టేది మరో ఇద్దరు. చివర్న చొక్కాలకు కాజాలు తీసి బొత్తాలు కుట్టేది ఆమె. ఏళ్ళ తరబడి అదే బల్ల, అదే కిటికీ. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "కాజా ఒక వైపు, బొత్తాం ఇంకో వైపు ఉండిపోయాయి, నన్నేం చెయ్యమంటావు?" అని నవ్వేసేది.

అసలు సంగతి షాపులో అందరికీ తెలుసు. తల్లి పోయేనాటికి చెల్లెలు జడ కూడా వేసుకోలేని పిల్ల. తండ్రి బస్సు డ్రైవరు. తెల్లారకముందే వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. ఆ చెల్లెలికి తల దువ్వి, బడికి పంపి, జ్వరాలకు మేలుకొని, చివరికి పెళ్ళి చేసి పంపింది అక్కే. పెళ్ళికొడుకు ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. సముద్రాలు దాటి ఉద్యోగానికి వెళ్తూ భార్యనూ తీసుకెళ్ళాడు. అక్కడ చెల్లెలు ఒక పెద్ద హోటల్లో గదులు ఊడ్చి, పక్కలు సర్దే పనిలో చేరింది. పాప పుట్టాక రోజూ ఫోన్లో చూపించేది. "అక్కా, చూడు, నీ ముక్కే వచ్చింది దీనికి!" అని ఏడిపించేది.

ఒకనాడు ఫోన్ మోగితే తెర మీద పాప లేదు. మరిది గొంతు వినిపించింది. చెల్లెలికి జ్వరం వచ్చిందట, మామూలు జ్వరమే అనుకున్నారట. ఆసుపత్రికి చేర్చేసరికి ఒళ్ళంతా విషం పాకిపోయిందన్నారట. పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

తండ్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక్కటే మాట అన్నాడు. "దాన్ని అక్కడ పరాయి మట్టిలో వదిలేసి రాకు పెద్దపిల్లా. ఇంటికి తీసుకురా."

"తీసుకొస్తాను నాన్నా."

అంతకుముందెన్నడూ విమానం మెట్లెక్కి ఎరగని మనిషి అలా ఒంటరిగా బయలుదేరింది.

మరిది ఉండేది ఒక్కటే గది. కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద పాప గుడ్డలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. ఆరి బిరుసెక్కినా ఎవరూ తియ్యలేదు. పక్కింటి మనిషి పాపను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. మరిది ఆ వైపు చూడలేదు.

"మీరే తీసుకెళ్ళండి వదినా. నా వల్ల కాదు."

"నువ్వు రావా? భార్యను సాగనంపడానికైనా రావా?"

"కాంట్రాక్టు మధ్యలో ఉంది. ఇప్పుడు వెళ్తే మళ్ళీ రానివ్వరు."

నిజమో కాదో ఆమెకు తెలియదు. గడ్డం మాసి, కళ్ళు లోతుకు పోయి ఉన్న ఆ మనిషిని నిలదీయడానికి నోరు రాలేదు. విమానాశ్రయంలో అతను సంచీ అందిస్తూ, "పాలు వేడిగా ఉంటే తాగదు, చూసుకోండి" అన్నాడు. పాపను ముట్టుకోకుండానే వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయాడు. చెల్లెల్ని ఉంచిన పెట్టె సంగతి ఏజెంటు చూసుకున్నాడనీ, అదే విమానంలో కింద సామాన్ల అరలో వస్తుందనీ మాత్రం అంతకుముందే చెప్పాడు.

తనిఖీ దగ్గర పాలసీసా మూత తీయించి ఆమెనే ఒక గుక్క తాగమన్నారు. తాగింది. చెప్పులు విప్పమన్నారు, విప్పింది. చంకలో పాప, భుజాన సంచీ, చేతిలో చెప్పులతో అటూ ఇటూ చూస్తుంటే వెనకవాళ్ళు విసుక్కుంటూ ముందుకు తోశారు.

విమానం పైకి లేవగానే పాప గుక్కపట్టింది. మామూలు ఏడుపు కాదది. ఊపిరి ఆగిపోతుందేమో అన్నట్టు ముఖం ఎర్రబడి, వేళ్ళు బిగుసుకుని ఒకటే కేకలు. ఊపింది, వీపు నిమిరింది, సీసా నోట్లో పెట్టింది. పాప సీసాను నాలుకతో తోసేసింది. మొన్నటిదాకా తల్లి పాలు తాగిన బిడ్డ. రబ్బరు నోట పట్టనంటోంది. పక్క సీటాయన చెవుల్లో దూది కుక్కుకుని ఏదో అన్నాడు. ఏ భాషో తెలియకపోయినా మాట మాత్రం సూటిగా తగిలింది.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి వంగి, సైగలతో అడిగింది. "మీ పాపేనా?"

ఆమె ఎందుకో అవునన్నట్టు తల ఊపింది.

"మీ పాలు పట్టండమ్మా. గుటక వేస్తే చెవుల నొప్పి తగ్గుతుంది."

ఆ మాట అక్కర్లేదు. పాప అప్పటికే వెతుక్కుంటోంది. కళ్ళు మూసుకుని, ఆమె గుండెల మీద ముఖం రుద్దుతూ, నోరు తెరిచి అటూ ఇటూ తడుముకుంటోంది. కాజాలక్క వంగింది. "లేవు తల్లీ, నా దగ్గర లేవు" అని చెవిలో చెప్పింది. అవతలి వరసలో ఒకావిడ తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

చివరికి ఒక ప్లాస్టిక్ చెంచా అడిగి తీసుకుంది. పాలు చెంచాలోకి వంచుకుని, పాప ఏడవడానికి నోరు తెరిచినప్పుడల్లా ఒక్కో చుక్క నాలుక మీద వేసింది. సగం బయటికే వచ్చాయి. సగం లోపలికి పోయాయి. మెడ పట్టేసింది, ఒడి అంతా తడిసింది. పాప ఏడుపు మెల్లగా ఎక్కిళ్ళలోకి దిగి, నిద్రలోకి జారింది.

అప్పుడు చెల్లెలు గుర్తుకొచ్చింది. కింద అది, పైన దాని బిడ్డ, మధ్యలో తను. ముగ్గురం కలిసే వెళ్తున్నాం కదా అనుకుంటే కాస్త ధైర్యం కలిగింది. అంతలోనే పాదాలు నేలకు ఆనించలేకపోయింది. ఈ నేల కిందే కదా అది ఉన్నది! చెప్పులు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని కూర్చుంది.

కాసేపటికి పాప గుడ్డలు, వాటితోపాటు తన బట్టలూ పాడయ్యాయి. బాత్‌రూములో గోడకున్న పలక దించి దాని మీద పడుకోబెట్టింది. విమానం ఒక్క కుదుపు కుదిపింది. ఒక చేత్తో పాపను అదిమిపట్టి, ఇంకో చేత్తో తుడుస్తూ ఉంటే నీళ్ళు చాల్లేదు, కాగితాలు అయిపోయాయి. అద్దంలో తన ముఖం తనకే కొత్తగా కనిపించింది. చావు కబురు విన్నప్పుడు రాని ఏడుపు ఆ ఇరుకులో ముంచుకొచ్చింది. తలుపు ఎవరో టకటకా కొట్టారు. ముక్కు చీదుకుని బయటికి వచ్చింది.

మధ్యలో విమానం మారాలి. పొడవాటి హాలు, గాజు గోడలు, మెరిసే కొట్లు. పాప ఒళ్ళు కాస్త వెచ్చబడింది. పాలపొడి డబ్బాలో అడుగు కనిపిస్తోంది. ఆమె నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని మాటల్లో పెట్టె సంగతి అడిగింది. వాళ్ళు ఆమె సంచీ చూపించి, "ఇదేనా?" అన్నారు. కాదని చెప్పలేక, రెండు చేతులూ చాచి మనిషంత పొడవు చూపించింది. వాళ్ళకు అర్థం కాలేదు.

చక్రాల కుర్చీలు నెట్టే ఒక పెద్దాయన ఆగి చూస్తున్నాడు. "మనవాళ్ళేనా అమ్మా? ఏం కావాలి?" అన్నాడు. సొంత భాష చెవిన పడగానే ఆమె గబగబా అంతా చెప్పేసింది. ఆయన కౌంటరు వాళ్ళతో మాట్లాడాడు, వాళ్ళు ఫోన్లు చేశారు. ఇటు తిరిగేటప్పటికి ఆయన ముఖం మారిపోయింది.

"పెట్టె ఎక్కలేదమ్మా."

"ఇక్కడ దింపేశారా?"

"ఇక్కడిదాకా రానేలేదు. మీరు బయలుదేరిన చోటే ఉండిపోయింది. కాగితాల మీద ఏదో ముద్ర పడలేదట."

దారి పొడుగునా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నది ఎవరి కోసం? ఆమె అక్కడే కుర్చీలో కూలబడింది. "వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అంది.

"రెండు రోజులో, నాలుగు రోజులో ఎవరూ చెప్పట్లేదు. మిమ్మల్ని బయటికి వెళ్ళనివ్వరు. ఈ హాల్లో, ఈ పసిగుడ్డుతో ఎలా ఉంటారు? ఒళ్ళు కాలుతోంది చూడండి."

"మా నాన్నకు మాటిచ్చి వచ్చానండీ."

పెద్దాయన ఎక్కడికో వెళ్ళి వేడినీళ్ళు తెచ్చిచ్చాడు. డబ్బాలో మిగిలిన పొడి గీకి కలిపి, చెంచాతో పడుతుండగానే వాళ్ళు ఎక్కాల్సిన విమానానికి పిలిచారు. వరస కదిలింది, తరిగింది, చివరికి ఖాళీ అయింది. ఆమె పాపను చూసింది, వచ్చిన దారి వైపు చూసింది. లేచి వెళ్ళి విమానం ఎక్కింది. ఈసారి కాళ్ళు నేల మీదే పెట్టుకుంది.

బయట ఎండలో తండ్రి నిలబడి ఉన్నాడు. పక్కన శవాలను తీసుకెళ్ళే వ్యాను. ఆమెను చూశాడు, పాపను చూశాడు, వెనక్కి చూశాడు.

"మరి అదేది?"

"రాలేదు నాన్నా. అక్కడే ఆపేశారు. తర్వాతి విమానంలో..."

"వదిలేసి వచ్చావా?"

ఆమె పాపను అందివ్వబోతే తండ్రి చేతులు చాచలేదు. వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆమెకు వెనక చెక్కబల్ల మిగిలింది. చెల్లెల్ని పడుకోబెట్టాల్సిన ఖాళీ జాగా ఎదురుగా, ఒళ్ళో జ్వరంతో మూలుగుతున్న పాప. 

వారం గడిచాక పెట్టె వచ్చింది. సరుకుల గోదాములో, టైర్ల కట్టల పక్కన పెట్టారు. మూత తీయకూడదన్నారు. అంత్యక్రియలు అయిపోయాయి. ముఖం చూడకుండానే పంపేశామన్న బాధ తండ్రిని తినేసింది. కనిపించినవాళ్ళందరికీ అదే చెప్పుకునేవాడు. పెద్దకూతురితో మాత్రం, అవసరమైతే పాపకు చెబుతున్నట్టు గాలిలోకి చెప్పేవాడు.

సూదులు, కత్తెరల మధ్యకు పాపను తీసుకెళ్ళలేక ఆమె షాపు మానేసింది. మాస్టారే చొక్కాల మూటలు ఇంటికి పంపేవాడు. పాప సీసా పట్టనే లేదు. నెలల తరబడి చెంచాతోనే పాలు. ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి తండ్రి పాపను ఒళ్ళో పెట్టుకుని, చెంచాను ఊదుకుంటూ పాలు పడుతున్నాడు. స్టీరింగు పట్టి కాయలు కాచిన చేతుల్లోంచి పాలు ఒలుకుతున్నాయి. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. వదిలేసి వచ్చావన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. పోనీలే అని కూడా ఎన్నడూ అనలేదు.

పాపకు మాటలు వచ్చే వేళకు మరిది ఫోన్ చేశాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట. "ఆవిడ మంచిది వదినా. పాపను పెంచుతానంటోంది. టికెట్లు పంపిస్తాను, మీరే తీసుకొచ్చి దింపండి."

ఆమె చేతిలో సగం కుట్టిన కాజా ఉంది. పాప గచ్చు మీద బొత్తాలు దొర్లిస్తూ ఆడుకుంటోంది.

"నీ కూతురు, కాదనను" అంది. "కానీ నువ్వే వచ్చి ఎత్తుకెళ్ళు. అంత దూరం ఒళ్ళో పెట్టుకుని, ఏడిస్తే ఊరుకోబెట్టుకుంటూ నువ్వే తీసుకెళ్ళు. నేను మాత్రం ఎక్కను."

సెలవు దొరకగానే వస్తానన్నాడు. ఆ ఏడాదంతా గేటు చప్పుడైనప్పుడల్లా ఆమె పాపను దగ్గరికి లాక్కునేది. అతను రాలేదు. తర్వాత ఫోన్ కూడా రాలేదు.