లెఫ్ట్ ఔటు కోసం ఉరికిన పొద్దు

మా చిలకలగూడ ఫుట్‌బాల్ క్లబ్బు సంగతి నన్ను అడగొద్దు. అడిగితే మధ్యల ఆపొద్దు. ఆ క్లబ్బు తెచ్చుకున్నోళ్ళంత దండుగ, పోగొట్టుకున్నోళ్ళంత బంగారం. అల్వాల్ నుంచి ఒక గోల్‌కీపర్‌ను తెచ్చిండ్రు. బాల్ మీదికొస్తే కండ్లు మూసుకునేటోడు. మేం క్రైస్తవులం గదా, ప్రార్థన చేసుకుంటున్నడేమో అనుకున్నం ముందుగాల. నేరేడ్‌మెట్ మిలిటరీ లైన్ల దిక్కు నుంచి సెంటర్ హాఫ్ అని ఇంకొకాయన వచ్చిండు. కాళ్ళకు మంచి బూట్లున్నయి, వాటికి మట్టి అంటకుండ ఆడేటోడు. మా పాతోళ్ళేమో ఉత్త కాళ్ళతోటి పానం పెట్టి ఉరుకుతుండ్రి. "గీళ్ళను ఏరిన మహానుభావుడెవరు?" అని నేను మొత్తుకుంటే మా నాయన కండ్లెర్రజేసేటోడు. ఏరింది ఆయనే మరి. క్లబ్బుకు సెక్రటరీ ఆయనే.

నాయన రైల్వే పార్సిల్ ఆఫీసుల క్లర్కు. ఆఫీసు నుంచి సీదా మైదానానికే పోతుండె. అక్కడ స్టేడియం కట్టాలని ఆయనకు పిచ్చి. కుడిచెయ్యి అన్నం కలుపుతుంటే ఎడమచేత్తో సుద్దముక్క పట్టి పీట పక్కన గీసేటోడు. గిది గేటు, గివి రాతి మెట్లు, పైన రేకులు, గీ మూలకు ఆడోళ్ళ జాగ, దానికి పర్దా.

"పర్దా ఎనుక కూసొని ఏం జూడాలె? ఆట వాసన జూడాల్నా?" అంటి ఒకసారి.

మా అమ్మది గుంటూరు దిక్కు. "ఇంత నోరేసుకుని రేపు అత్తగారింట్లో ఏం వెలగబెడతావే తల్లీ!" అని నెత్తి కొట్టుకుంది. అప్పటికి నాకు పందొమ్మిదేండ్లు. చిన్నపిల్లల బడిల టీచరమ్మను. పిల్లల మీద అరిచీ అరిచీ నోరు గట్లనే పెద్దదైంది.

మెట్లు గూడ లేని మైదానంల ఆడపిల్లను ఎవరు కూసోనిస్తరు? నేను మా డాబా ఎక్కి చూసేదాన్ని. అక్కడి నుంచి అన్నిటికంటె బాగ కనబడేది ఎడమ గీత ఎంబడి ఆడే మా లెఫ్ట్ ఔటు.

ఆయన బేకరీల పనిచేసేటోడు. పొద్దుగాల సైకిల్ మీద ఇల్లిల్లు తిరిగి డబల్‌రొట్టె ఇచ్చేటోడు. మా చర్చోళ్ళే. సాయంత్రం బాల్ దొరికిందంటె గీత ఎంబడి గాలి లెక్క పోయేటోడు. అడ్డమొచ్చినోడు ఎటు తిరగాల్నో తెల్వక తన చుట్టు తనే తిరిగి కింద పడేటోడు. గోల్ కొట్టినంక మా డాబా దిక్కు జూసి చెయ్యెత్తేటోడు. "సెక్రటరీ ఇంటికి సలాం కొడ్తుండు, సూడు ఎంత మర్యాదో!" అని మా నాయన మురిసేటోడు. ఆ సలాం ఎవరికో మా అమ్మకు ఎరుకే. నాకు సుత ఎరుకే.

ఆ దినాల్ల ప్లేయర్లను కొనుడు, అమ్ముడు లేదు. నౌకరీ ఇచ్చి గుంజుకునుడే. అట్ల గుంజుకునుట్ల పోలీసు టీము ముందుండేది. తప్పేముంది, నౌకరీ ఇస్తే ఎవడు గాదంటడు? గాని మా నాయనకు ఆ పేరు వింటెనే ఒళ్ళు మండేది. "పోలీసు టీముకు ఆడేటోడు నా గడప తొక్కొద్దు" అని ఒట్టు పెట్టుకున్నడు. ఇగ నా గతి జూడుండ్రి. లెఫ్ట్ ఔటు పోలీసుల చేరితే మా గడప తొక్కలేడు. చేరకుంటె రొట్టెలు పంచేటోడు, రైల్వే క్లర్కు పిల్లనియ్యడు. ముందుకు పోతే నుయ్యి, ఎనుకకు పోతే గొయ్యి. ఆయన తప్ప ఇంకొకడు నాకొద్దు అని లోపల గట్టిగ అనుకున్న. ఎవరికి చెప్పాలె?

గంతల పోలీసు టీము మేనేజరు బేకరీకొచ్చి లెఫ్ట్ ఔటుతోటి మాట్లాడి పోయిండని తెలిసింది. ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు. ఆ యేడు ఊరంత వేరే భయంల ఉండె. రజాకార్లు, నిజాం మీదికి రాబోయే యూనియన్ ఫౌజు, ఎవరి నోట విన్న అవే గుసగుసలు. మా నాయనకు మాత్రం లెఫ్ట్ ఔటు తప్ప లోకం లేదు.

తెల్లారి వరండల కూసొని గడ్డం గీసుకుంటుండు. పక్కింటి హకీం సాబ్ ఇంట్ల రేడియో ఉండె. ఆయన గోడ మీద నుంచి తలకాయ పెట్టి ఒకటే కేక: "సెక్రటరీ సాబ్! పోలీస్ యాక్షన్ షురూ అయిందంట! లోపటికి పోండ్రి జల్ది!"

నాయన చేతిల కత్తి ఆగింది. "షురూ చేసిండ్రా? ఇంత పొద్దుగాల్నే? ఎంత బేషరం గాళ్ళు!" అని లేచి, సగం మొకానికి సబ్బు నురగతోటి, బనీను మీదనే బజారుల పడి ఉరికిండు. "అంగీ! అంగీ అయినా తొడుక్కోమని చెప్పవే!" అని అమ్మ నా చేతిల అంగీ పెట్టి తోలింది. నేను ఆయనెనుక ఉరికిన.

తొవ్వల దుకాన్లు దబదబ బందు పెడుతుండ్రు. జనం పిల్లలను చంకలేసుకొని ఇండ్లల్లకు ఉరుకుతుండ్రు. మా నాయన ఉరుక్కుంటనే ఎనుకకు తిరిగి నాతోటి ఏమన్నడో తెలుసా? "చూసినవా బిడ్డా! ఒక్క లెఫ్ట్ ఔటు పోతుండంటె ఊరు ఊరంత ఎంత పరేషాన్ అయితుందో! క్లబ్బంటె గిట్లుండాలె." కండ్లల్ల నీళ్ళు గూడ తిరిగినయి ఆయనకు.

బేకరీల లెఫ్ట్ ఔటు మోచేతులదాక పిండితోటి నిలబడి ఉన్నడు. పాపం, భట్టీ కాడి మనిషికి ఏ కబురూ తెల్వదు.

"సంతకం పెట్టినవా?" అన్నడు నాయన రొప్పుకుంట.

"లేదు సార్. ఆలోచించి చెప్తనన్న."

"ఆళ్ళు ఏమిస్తమన్నరు?"

"నౌకరీ. యూనిఫాం. బూట్లు."

"నా కాడ నౌకరీ లేదు. బూట్లు లేవు. అయినా ఏం గావాల్నో అడుగు, ఇస్త. నువ్వు మాత్రం క్లబ్బు విడిచి పోవద్దు."

లెఫ్ట్ ఔటు నా దిక్కు జూసిండు. నేను అంగీ పట్టుకొని గడపల నిలబడ్డ. "అడిగితే కొట్టరు గద సార్?"

"అడుగుర బై!"

"మీ బిడ్డనియ్యుండ్రి."

నాయన సబ్బు నురగ చేత్తో తుడుచుకున్నడు. నన్ను జూసిండు. డాబా దిక్కు సలాం ఎవరికో అప్పుడు అర్థమైనట్టుంది. "క్లబ్బు విడిచి పోనని మాటిస్తవా?"

"ఇస్త."

"అయితే ఇచ్చిన."

గప్పుడు బేకరీ సేట్ తలుపులు గుంజుకుంట లోపటికొచ్చిండు. "యా అల్లా! యూనియన్ ఫౌజు సరిహద్దు దాటిందంట! ట్యాంకులంట! మీరిక్కడ పెండ్లి మాటలు మాట్లాడుకుంటుండ్రా?"

"ఫౌజేంది?" అన్నడు నాయన. "పోలీసులు గదా?"

సేట్ సంగతంత చెప్పిండు. నాయన పిండి మూట మీద కూలబడ్డడు. నాకు భయం, నవ్వు, సంతోషం మూడూ ఒక్కసారే వచ్చినయి. నాయన, నేను గోడలెంబడి నక్కుకుంట ఇల్లు చేరినం.

ఆ నాలుగైదు దినాలు తలుపులేసుకొని ఉన్నం. అవి అందరికి నవ్వులాట దినాలు గాదు, ఎందరి ఇండ్లల్లనో దీపాలారినయి. మా ఇంట్ల మాత్రం అమ్మ చీకట్ల కూసొని గూడ ఊకోలేదు. "అయ్యగారి తెలివి తెల్లారినట్టే ఉంది. వీధిలో సైన్యం వస్తుంటే, సగం గడ్డంతో పోయి పిల్లని ఇచ్చొచ్చాడు!"

"వచ్చింది ఫౌజు, పేరేమో పోలీసులది!" నాయన ఎగిరిండు. "పెట్టినోళ్ళది తప్పా, విన్నోనిది తప్పా?"

నాకు మాత్రం లోపల గుబులు. తప్పు విని ఇచ్చిన మాట గదా. రేపు వాపస్ తీసుకుంటె? నాయన నాతోటి మాట్లాడుడే బంద్ చేసిండు. గోడ దిక్కు జూసుకుంట కూసుండేటోడు. నేను లోపల చస్తూ బతుకుతున్న.

తలుపులు తెరిచి, బజార్లు మళ్ళ నడుసుడు షురూ అయినంక లెఫ్ట్ ఔటును ఇంటికి పిలిపించిండు. ఆయన గడప బయటనే నిలబడ్డడు. అమ్మ, నేను తలుపు ఎనుక నిలబడి చెవులు పెట్టినం.

"సూడు నాయనా," అన్నడు మా నాయన. "నేను తప్పు విన్న. తప్పు విని నీ కాడ మాట తీసుకున్న. గా మాటకు నిన్ను కట్టేస్తే దేవుడు మెచ్చడు. నీ మాట నీకు వాపస్. పోయి నౌకరీల చేరు."

లెఫ్ట్ ఔటు మొకం పాలిపోయింది. "మరి మీ మాట సార్?"

"నాదెందుకు వాపస్ తీసుకుంట? బిడ్డనిచ్చిన అన్న. ఇచ్చిన. లోపటికి రా."

నేను తలుపు ఎనుకనే ఏడ్చేసిన. పోలీసు టీముకు పోయేటోడు మా గడప తొక్కిండు. తొక్కు తొక్కుమని మా అమ్మే అన్నది.

పెండ్లి అయినంక మా మైదానంల మా క్లబ్బుకు, పోలీసు టీముకు మ్యాచ్ పడ్డది. స్టేడియం అంటే అప్పటికి లేచింది రెండు వరుసల మెట్లే. పర్దా లేదు, నేను పడనియ్యలేదు. నాయన పక్కన పై మెట్టు మీద కూసున్న. ఎవరు గెలవాల్నో నాకు తెల్వకపోయె. ఆట ఇగ అయిపోతదనంగ మా ఆయన గీత ఎంబడి వచ్చి, మా బ్యాకును గిర్రున తిప్పి గోల్ కొట్టిండు. కండ్లు మూసుకునే మా గోల్‌కీపర్ మళ్ళ మూసుకున్నడు.

మా క్లబ్బోళ్ళంత ఒక్కసారి తలకాయలు తిప్పి సెక్రటరీ మొకం జూసిండ్రు. నాయన మెల్లగ లేచి నిలబడ్డడు.

"ఏం జూస్తుండ్రు?" అన్నడు అందరికి వినబడేటట్టు. "నేనే పంపిన."