మా మరిదిని తేల్చిన వెస్ట్, మా ఆయన్ని ముంచిన బెల్టు

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన దాసు చేపల పులుసు ముందు పెట్టుకుని ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టలేదు. తాతల నాడు ఓడల్లో వలసొచ్చిన మా తెలుగువాళ్ళుండే మెరీబ్యాంక్‌లో మా వీధి మొత్తానికీ చేపల పిచ్చోడని పేరున్న మనిషి. పొద్దున పడవ తిరగబడిందనీ, అన్నదమ్ములిద్దరూ అలల్లో పడ్డారనీ అప్పటికే నాకు తెలుసు. తడిబట్టలతో ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ ఇద్దరూ పడీపడీ నవ్వారు కూడా. పడవ అంచు తగిలి మా ఆయన భుజం కమిలింది. అంతకుమించి ఏమీ లేదనుకున్నాం.

"ఏంది, పులుసు బాలేదా?" అని అడిగాను.

"బాగుండాది కమలా. ఆకలి లేదు. ఉప్పునీళ్ళు తాగినా గదా."

మాటకీ మాటకీ మధ్య దగ్గు. దగ్గి నోరు తుడుచుకున్న రుమాలు మీద గులాబీ రంగు నురగ కనిపించింది. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. పక్కింట్లో ఉండే మా మరిది సన్నీని కేకేశాను. గోడ దూకి పరుగెత్తుకొచ్చాడు. ఒకే పడవలోంచి ఒకే నీళ్ళలో పడిన మనిషి, కాస్త ఆయాసమైనా లేకుండా నా ముందు నిలబడ్డాడు. అప్పుడే నాలో ఏదో చురుక్కుమంది.

ఆ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలి. మా వాళ్ళు వెళ్ళేది స్కీబోట్‌లో. రేవూ గీవూ ఉండదు, ఇసుక మీంచి నేరుగా అలల్లోకి తోసే చిన్న మోటారు పడవ. నీళ్ళలో పడితే తేలడానికి వేసుకునే, మూరెడు మందమున్న పాత ఫోమ్ జాకెట్లతో గాలం విసరడం కష్టంగా ఉందని, గ్యాస్‌తో ఉబ్బే కొత్తరకం కొనడానికి నలుగురం కలిసి దుకాణానికి వెళ్ళాం. తడి తగలగానే తనంతట తాను ఉబ్బే రకం మాకు పనికిరాదని దుకాణదారు ముందే చెప్పాడు. అలల తుంపరకే ఉబ్బిపోతుందట, పడవ బోర్లా పడితే మనిషిని దాని కిందే ఇరికిస్తుందట. ఇక మిగిలినవి తాడు లాగితే ఉబ్బేవి. అందులో రెండు రకాలు. ఒకటి మెడ చుట్టూ వేసుకునే వెస్ట్, పైకి జారిపోకుండా కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉంటుంది. రెండోది నడుముకు కట్టుకునే బెల్టు సంచీ. చిన్నది, నాజూకైనది. కాకపోతే తాడు లాగాక, ఉబ్బినదాన్ని చేత్తో తల మీదుగా మెడలో వేసుకోవాలి.

"ఈ పట్టీ ఉండేదే తీసుకో," అని సన్నీకి వాళ్ళావిడ సరోజ చెప్పింది. నేనూ మా ఆయనకి అదే చెప్పాను.

"నేనేమన్నా బేబీనా, న్యాపీ కట్టుకోను?" అన్నారు ఆయన. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సన్నీ కూడా నవ్వాడు, కానీ పెళ్ళాం చూపించిందే కొన్నాడు. మా ఆయన బెల్టు సంచీ కొన్నారు.

ఆ ఆదివారం పడవ తిరగబడగానే తాడు ఇద్దరూ లాగారు. సన్నీ బెండులా పైకి తేలాడు. మా ఆయనకి భుజం దెబ్బతో చెయ్యి లేవలేదు. మెడలోకి రావలసింది నడుము దగ్గరే ఉబ్బి, నడుమును పైకెత్తి తలను కిందకి తోసింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఈదుకొచ్చి లాగేదాకా ఆయన తాగింది నీళ్ళే.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తులు రెండూ తెల్లటి మేఘాల్లా ఉన్నాయి. "ఆస్పిరేషన్ న్యుమోనియా. ఉప్పునీరు, ఇసుక లోపలికి పోయాయి. నీళ్ళు మింగినవాళ్ళు బాగానే నడుస్తూ ఇంటికెళతారు, తర్వాత ఇలా వస్తారు. వెంటనే తీసుకురావాల్సింది," అన్నాడు. ఆ సాయంత్రమే ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. కొన్నేళ్ళ కిందటి దాకా అది తెల్లవాళ్ళ వార్డు, మా రంగువాళ్ళని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఇప్పుడు మా ఆయన అక్కడ నోట్లో గొట్టంతో, దాన్ని పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టించుకుని పడుకుని ఉన్నారు.

సరోజ రోజూ అన్నం తెచ్చేది. "అక్కా, నువ్ తినాల. నువ్ పడిపోతే అన్నని ఎవురు చూస్తారు?" అనేది. ఆమె వెనకే సన్నీ, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చేవాడు. నాకు అన్నం సహించేది కాదు. ఆమె చీర మడతల మీద, జడ మీద, మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయే ఆ నడక మీద నాకు ఒళ్ళు మండేది. అన్నిటికంటే, ఆమె మాట ఆమె మొగుడు విన్నాడన్నది నన్ను కొరుక్కుతినేది. ఇద్దరం చెప్పింది ఒకే మాట. కారిడార్‌లో ఎవరు గట్టిగా ఊపిరి పీల్చుకున్నా, అది మా ఆయన దగ్గర లాక్కున్నదే అనిపించేది.

వెంటిలేటర్ తీసేద్దామనుకుంటున్న సమయంలో మళ్ళీ జ్వరం వచ్చింది. "ఎంపయీమా. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరింది. చెస్ట్ డ్రెయిన్ వెయ్యాలి," అన్నాడు డాక్టరు. బతుకుతారా అని అడిగాను. "ఇవాళ బతికే ఉన్నాడు. రేపు మళ్ళీ అడగండి," అన్నాడు. ఆ మాట కఠినంగా అనిపించింది. తర్వాత నేను పట్టుకుని నిలబడింది మాత్రం ఆ మాటనే. పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. సీసాలోకి చిక్కటి పసుపు చీము దిగింది. జ్వరం మెల్లగా తగ్గింది. నోట్లో గొట్టం తీసిన పూట ఆయన నన్ను చూసి నవ్వారు, మాట రాలేదు.

నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మేమూ, అన్ని రంగులవాళ్ళం కలిసి మొదటిసారి ఓటు వేసింది ఆ రోజుల్లోనే. వార్డులో నల్లజాతి నర్సు, సిస్టర్ జాండీలే, డ్యూటీకి పాట పాడుకుంటూ వచ్చింది. ఆమె సంతోషం మీద కూడా నాకు అసూయ కలిగింది. "హావ్, మామా," అంది. మామా అంటే వాళ్ళ భాషలో అమ్మా అని. "నువ్వింకా వెయ్యలేదా? పో. నీ భర్త దగ్గర నేను కూర్చుంటా," అని నన్ను లేపి పంపింది.

మా వీధి స్కూలు దగ్గర వరస రోడ్డు మలుపు దాటింది. సరోజ ఒక్కతే నిలబడి ఉంది. సన్నీ ఏడని అడిగాను.

"రానన్నాడు. నిద్దర్లో లేచి కూసుంటాడు అక్కా. అన్న మునిగిపోతా ఉంటే కిందికి పోదామని చూసినాడంట. వెస్ట్ పోనీలా. బంతి మాదిరి పైకే లేపింది. విప్పుదామంటే పట్టీ రాలా. నువ్వే గదా ఇది కొనమన్యావని నన్ను అంటాడు. ఆస్పిటల్ కాణ్ణించి ఇంటికొచ్చినాక నాతో మాటాడడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్న అన్న నిన్ను చూసి నవ్వినాడే, అది చూసి నాకు కుళ్ళు పుట్టింది. నీ మొగుడు నిన్ను చూసి నవ్వతాడు, నావోడు నా మొగం చూడడు."

ఆమె చేతిలో ఉన్న గొడుగు కింద ఇద్దరం వరసలో ముందుకు జరిగాం. మర్నాడు సన్నీని నేనే వార్డులోకి ఒంటరిగా పంపాను. గొంతు ఇంకా పెగలని మా ఆయన, తమ్ముడి తల దగ్గరికి లాక్కుని గుసగుసగా చెప్పారట: "నువ్ తేలినావు గాబట్టే చేతులెత్తి కేకేసినావు. ఆ కేక ఇని వాళ్ళు వచ్చినారు. ఇద్దరం మునిగుంటే ఎవురు పిలుస్తారురా?" బయటికి వచ్చినప్పుడు సన్నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరోజ కోసం చుట్టూ వెతికాడు.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ. మా ఆయన బెలూన్ ఊదుతూ అలిసిపోయి తిట్టుకునేవారు. ఊపిరితిత్తిలో కింది భాగం పూర్తిగా విచ్చుకోలేదు, ఇక విచ్చుకోదని డాక్టరు చెప్పాడు. మెట్లెక్కితే ఆగాలి. మా పేట పక్కనున్న చమురు రిఫైనరీ పొగ ఇటు తిరిగిన రోజున కిటికీలు మూసుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా ఒడ్డు మీంచే గాలం వేస్తారు. సముద్రం సద్దుమణిగిన రోజుల్లో తమ్ముడితో పడవెక్కుతారు, పట్టీ ఉన్న వెస్ట్ వేసుకుని. సరోజా నేనూ ఒడ్డున కూర్చుంటాం. ఈల వేస్తూ పడవ తోసే సన్నీని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళే. ఆ మాట సరోజకి చెబుతాను. ఆమె నవ్వి, తనకున్న కుళ్ళు తను చెబుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటిది కొనబోతుంటే నేను చెప్పేది ఒక్కటే. దుకాణంలో అద్దం ముందు ఎంపిక చెయ్యకండి. చూపించడానికి ఉంచినదాన్ని అడిగి తీసుకెళ్ళి, ఈతకొలనులో మనిషిని పక్కనుంచుకుని దిగండి. ఒక చెయ్యి విరిగిందనుకుని వెనక్కి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండో చేత్తో తాడు లాగండి. ఆ తర్వాత మీరింకేమీ చెయ్యకుండానే మొహం నీళ్ళ పైకి వస్తే అది కొనండి.