సుభద్రక్క మీద నేర్చుకున్న ఇంగ్లీషు

సుభద్రక్క గురించి రాయాలంటే ముందు ఆమె మొగుడి గురించి రాయాలి. అందుకే ఇన్నాళ్ళూ రాయబుద్ధి కాలేదు. గోవిందస్వామి పేరు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, పాలల్లో బల్లిని చూసినట్టు.

పుంగనూరులో మా గోడకు ఆనుకునే వాళ్ళ మిద్దె. కింద కాపురం, పైన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. మదనపల్లెలో డిగ్రీ చదివొచ్చిన గోవిందస్వామి తొంభయ్యారులోనో తొంభయ్యేడులోనో బోర్డు పెట్టాడు. నేను కిటికీ దగ్గర మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. ఇంటరు దాకా చదివాను కాబట్టి పైనుంచి వచ్చే ముక్కలన్నీ అర్థమయ్యేవి. అదే నా ఖర్మ.

ఆయన పద్ధతి ఏమంటే, ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, ఇంట్లో జరిగే వాటితోనే వాక్యాలు కట్టడం. ఆయన ఒకసారి అంటే పిల్లకాయలంతా గొంతెత్తి తిరిగి అనాలి. మిగతా మాటలు రోజుకొకటి మారేవి. "స్ట్రేంజ్" మాత్రం ప్రతి కొత్త బ్యాచ్‌కీ వారమంతా నడిచేది, దానికి అందరూ బాగా నవ్వేవాళ్ళు గనక. అంటే వింత, విడ్డూరం అని చెప్పి, ఆ విడ్డూరానికి ఉదాహరణగా పెళ్ళాన్ని పెట్టేవాడు.

"మై వైఫ్ ఈట్స్ స్టాండింగ్. ఇట్ ఈజ్ స్ట్రేంజ్."

నిలబడి తింటుందట. కూర్చునే తీరిక ఎవడిచ్చాడు ఆమెకు? పొద్దున్నే ఆవు పాలు పిండి, ఆ క్లాసుకంతటికీ కాఫీ కాచేది ఆమే. ఆ కాఫీ కోసమే సగం మంది చేరేవాళ్ళు. ఇంకోరోజు, ఆవుతో మాట్లాడుతుంది, స్ట్రేంజ్ అని. మరి తాను ఆమెతో మాట్లాడితే కదా! ఒకనాడు ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతుందనీ, చొంగ కారి దిండు తడుస్తుందనీ కూడా చెప్పించాడు. మొగపిల్లకాయలూ ఆడపిల్లలూ కలిసి అన్నారు. జాకెట్టు పక్కన పారేసి, పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చాను.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. సుభద్రక్క చదువుకోలేదు గానీ వైఫ్ అంటే పెళ్ళామని ఆమెకు తెలుసు. పైన ఆ మాట వినిపించినప్పుడల్లా పొయ్యి ముందు ఆమె ముఖం వెలిగిపోయేది.

"ఇన్నావా మునీశ్వరీ? మా ఇంటాయన పాఠంలో నా మాటే వస్తాండాది. నోరిప్పి నాతో సెప్పడు గానీ, నేనంటే ఆయనకి మనసులో ఉండాది."

అర్థం చెప్పి ఆ వెలుగు ఆర్పలేకపోయాను. ఆయన్నే ఒకసారి గోడ మీదుగా నిలదీశాను. "పాఠం పాఠమేలే మునీశ్వరీ" అని పళ్ళికిలించాడు. ఆమె మాత్రం ఆ సంతోషంలో కాఫీలో చక్కెర ఇంకొంచెం ఎక్కువే వేసేది.

చివరికి ఒక సంతరోజు బయటపడింది. పాత బ్యాచ్ కుర్రాడు వినోద్ టమోటాల దగ్గర ఆమెను చూసి, "ఏం స్ట్రేంజక్కా, ఆవు ఏమంటాండాది?" అన్నాడు. పక్కనున్న వాళ్ళు పగలబడి నవ్వారు. ఆమె నేరుగా మా ఇంటికొచ్చి, సంచి కూడా దించకుండా అడిగింది.

"ఆ స్ట్రేంజు మాటకి అర్థమేమి? నిజం సెప్పు. నా మీద ఒట్టు."

చెప్పాను. నిలబడి తినడం, ఆవు, దిండు, అన్నీ. ఆమె ఏడవలేదు.

"దిండు సంగతి కూడానా?" అని మాత్రం అడిగింది. కొంగుతో నోరు తుడుచుకుంది. మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

ఎప్పుడూ కాఫీ మెట్ల మీద పెట్టి వచ్చేసేది. మర్నాడు పొద్దున తానే గిన్నె ఎత్తుకుని పైకెక్కింది. మా కిటికీలోంచి ఆ గది తలుపు కనిపిస్తుంది. లోపల గోల ఆగిపోయింది.

"నేను ఈడనే నిలబడుకుంటా. నా మొగం సూసి ఆ పాఠం సెప్పండప్పా."

ఒక్కరి నోరూ పెగల్లేదు. గోవిందస్వామి "రిపీట్" అన్నాడు. అయినా ఎవరూ అనలేదు. ఆమె అందరినీ ఒకసారి చూసి, గిన్నె ఎత్తుకుని దిగొచ్చి, కాఫీ అంతా కాలవలో కుమ్మరించింది. బట్టలు సర్దుకుని, ఆవు పలుపు తెచ్చి నా చేతికిచ్చింది.

"దీనితో అప్పుడప్పుడు మాట్లాడతా ఉండమ్మా" అంది.

కుప్పంలో వాళ్ళక్క పాపక్కకు రైల్వే స్టేషను దగ్గర ఇడ్లీ అంగడి ఉంది. ఆ మధ్యాహ్నం బస్సుకే అక్కడికి పోయింది. మళ్ళీ రాలేదు. తర్వాత నేను పోయి చూసొచ్చాను. బేరం అయ్యాక అక్కాచెల్లెళ్ళిద్దరూ పీటలు వేసుకుని, కూర్చుని తింటున్నారు.

ఆమె వెళ్ళిన రోజు పిల్లకాయలకు సిగ్గొచ్చిందనుకున్నాను. ఆ తర్వాతి సోమవారం మిషను ముందు కూర్చున్నానో లేదో, పైనుంచి గోవిందస్వామి గొంతు వినిపించింది.

"మై వైఫ్ లెఫ్ట్ ద హౌస్. ఇట్ ఈజ్ స్ట్రేంజ్."

నా చెయ్యి చక్రం మీదే ఆగింది. ఆ పిల్లకాయలే, ఆమె ఎదురుగా నోరు పెగలని వాళ్ళే, ఎప్పటికన్నా గట్టిగా అందుకున్నారు. థూ! కిటికీ రెక్కలు ధడాలున మూశాను. అయినా వినిపిస్తూనే ఉంది. లేచి పెరట్లోకి పోయి ఆవు పక్కన కూర్చున్నాను.

"ఇన్నావా?" అన్నాను దానితో.